తమ్ముడికి తెలియని నొప్పి

దేవుణ్ణి నమ్ముతాను. ఆదివారం చర్చి మానను. దయ్యాలు, దిష్టి, శకునాలు మాత్రం ఎన్నడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి పని చూసుకునేదాన్ని. అందుకే ఇది రాయడానికి చాలాకాలం జంకాను.

మాది నర్సంపేట. నేను టైలరింగ్ చేస్తాను. తమ్ముడు శామ్యూల్ వరంగల్‌లో ఉంటాడు. వాడి రెండు కిడ్నీలూ పాడైతే నాది ఒకటి ఇచ్చాను. ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వాడు రోజూ మందులు వేసుకునేవాడు. వాటితో రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుందని డాక్టర్లు ముందే చెప్పారు.

ఒక ఉదయం జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే నాకు పొత్తికడుపులో కుడివైపు కత్తితో పొడిచినట్టయింది. కిడ్నీ తీసింది ఎడమవైపు. కుడివైపు ఎన్నడూ ఏ బాధా లేదు. ఆ రోజు నేలమీద ముడుచుకుపోయాను. మా ఆయన దవాఖానకు తీసుకుపోయాడు. స్కానింగ్‌లో, రక్తపరీక్షలో ఏమీ కనపడలేదు. సూది వేసినా తగ్గలేదు.

ఎందుకో తమ్ముడు గుర్తొచ్చాడు. ఫోన్ చేశాను.

"నాకేం నొప్పి లేదక్కా. జర కడుపుబ్బినట్టున్నది, గంతే. ఫికర్ జేయకు," అన్నాడు.

మనసు ఊరుకోలేదు. మా ఆయన వద్దంటున్నా బస్సెక్కి, నొప్పిని పంటిబిగువున ఓర్చుకుంటూ వరంగల్ చేరాను. తమ్ముడు కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది. నాకు నొప్పి ఉన్న చోటే వాడి కడుపుమీద చెయ్యి వేశాను. డోలులా బిగుసుకుపోయి ఉంది. గట్టిగా నొక్కినా వాడు ఉలకలేదు.

"లే, దవాఖానకు పోదాం."

"నొప్పే లేదంటాన గదా!"

"నీకు లేకున్నా నాకు వస్తాందిరా! నడువ్."

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ చేయాలంది. పేగుకు చిల్లు పడింది. కుడివైపు, కింద. "ఇంత జరిగితే మనిషి అరుస్తూ రావాలి. కిడ్నీ కోసం స్టెరాయిడ్ మందులు వాడేవాళ్ళకు ఒక్కోసారి నొప్పి తెలియదు. ఇంకా ఆలస్యమైతే బతికేవాడు కాదు," అంది.

వాడిని థియేటర్‌లోకి తీసుకెళ్ళిన కాసేపటికి, బయట బెంచీమీద ఉన్న నాకు నొప్పి పోయింది. మెల్లగా తగ్గలేదు. కరెంటు పోయినట్టు ఒక్కసారిగా పోయింది.

నల్లబడిన పేగుముక్కను ల్యాబ్‌కు పంపారు. ఫంగస్ అని తేలింది. మట్టిలో, గాలిలో ఉండే బూజేనట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను సాధారణంగా ఏమీ చేయదట. వీడి పేగును తినేసింది. ఫంగస్‌కు మందు ఎక్కిస్తూ, కిడ్నీ మందులు తగ్గించాల్సి వచ్చింది. దాంతో నేనిచ్చిన కిడ్నీ పోయింది. తమ్ముడు దక్కాడు. ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు.

డాక్టరమ్మకు నా నొప్పి సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. నా స్కానింగ్ కాగితాలు అడిగి తీసుకుని రెండుసార్లు చూసింది, అందులో ఏ లోపమూ లేదంది. మా పాస్టర్ గారు దేవుడి కృప అన్నారు. కావచ్చు. కానీ ఆ కృప నా కడుపులోకి నొప్పిగా ఎందుకు రావాలి?

మొన్న డయాలసిస్ దగ్గర కూర్చున్నప్పుడు తమ్ముడు ఉన్నట్టుండి అడిగాడు.

"అక్కా, ఎట్లుండె ఆ నొప్పి?"

వాడి చెయ్యి తీసుకుని నా కడుపుమీద కుడివైపు, కింద ఆనించాను. "ఈడ్నే, కత్తితోని పొడిచినట్టుండెరా," అన్నాను.