హోస్టాకి చలికాలం

మా ఆయనకి హోస్టా పిచ్చి పట్టింది ఎవరింట్లోనో ఏసీ బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు.

రెండువేల అయిదులో మేం అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా కింది వాటాలో ఉండేవాళ్ళం. నేనూ, ఆయనా, బడికెళ్ళే వయసు పాపా. ఆయన ముసఫ్ఫాలో ఏసీ డక్టులు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లండు మనిషి. ఆయనింట్లో ఏసీ మొరాయిస్తే మా ఆయన్ని పంపారు. అక్కడ అద్దాల గదిలో, తమలపాకుని నాలుగింతలు చేసి అంచుకి సున్నం పూసినట్టున్న ఆకులతో ఒక కుండీ మొక్క కనబడిందట. పేరడిగి, హోస్టా అని అరచేతి మీద పెన్నుతో రాసుకుని ఇంటికొచ్చారు.

"మన గుమ్మం పక్కన ఇది పెడదామే" అన్నారు చెయ్యి చూపించి.

"మన గుమ్మం పక్కన కరివేపాకే మాడి చచ్చింది కదండీ."

నేను పుట్టింది కడియం దగ్గర. మా ఊళ్ళో ఇంటికో నర్సరీ. బడి నించొచ్చి పలక పక్కన పడేసి ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపిన చేతులు నావి. మొక్కంటే అందరికీ అందం గుర్తొస్తుంది, నాకు నడుంనొప్పి గుర్తొస్తుంది. గల్ఫ్ వచ్చాక ఆ చాకిరీ తప్పిందనుకున్నాను.

జుమ్మా నాడు, శుక్రవారం సెలవుకి, మమ్మల్ని మీనా రేవు దగ్గర మొక్కల కొట్లకి తీసుకెళ్ళారు. "హోస్టా హై?" అనడిగితే కొట్టతను ఆలోచించకుండా "హై, హై" అని ఒక కుండీ చేతిలో పెట్టాడు. ఆకుల మీద తెల్ల మచ్చలున్నాయి, అంతే. ఆయన దాన్ని ఫోటో తీసి ముదీర్‌కి చూపిస్తే, ఇది హోస్టా కాదని అతను పడీపడీ నవ్వాడట. మా ఆయన ఆ కుండీని ఇంటికొచ్చే ఎవరికైనా ఇచ్చేద్దామని వారం రోజులు చూసి, చివరికి గేటు బయట వదిలేశారు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. చలి మొదలయ్యాక ఏదో పెద్ద సూపర్‌మార్కెట్లో, హాలండు నించి వచ్చిన హోస్టా వేళ్ళ ప్యాకెట్లు దొరికాయి. పైన అందమైన బొమ్మ. లోపల ఎండిపోయిన అల్లం కొమ్ముకి మీసాలు మొలిచినట్టు ఏదో. రెండు ప్యాకెట్లు తెచ్చారు. ఒకటి గోడ నీడన ఇసకలో గొయ్యి తీసి, మంచి మట్టి నింపి పెట్టారు. రెండోది కుండీలో. రెండూ మొలిచాయి. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం వడగాలి తోలింది. సాయంత్రానికి గోడ పక్కది వేయించిన అప్పడంలా అయింది.

కుండీలోది మా పడగ్గదిలోకి వచ్చేసింది.

అప్పట్నించి నా కష్టాలు మొదలు. దానికి చల్లదనం కావాలి, కాబట్టి ఏసీ పగలంతా నడవాలి. దానికి కుళాయి నీళ్ళు పడవు, కాబట్టి ఏసీ కారే చోట బకెట్ పెట్టి ఆ నీళ్ళే పొయ్యాలి. దానికి గాలి ఎదురుగా తగలకూడదు, కాబట్టి పాప మంచం ఆ గాలికి ఎదురుగా జరగాలి. బయట పిట్టలు నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండల్లో నా కూతురు స్వెట్టర్ వేసుకుని పడుకునేది.

డిసెంబరొచ్చేసరికి ఆకులన్నీ పసుపెక్కి వాలిపోయాయి. నాకు లోపల్లోపల సంతోషం.

"పోయిందండీ. ఖలాస్."

"పోలేదు. పడుకుంటోంది. దానికి చలికాలం కావాలట. మంచు పడే చలికాలం. అది లేకపోతే మళ్ళీ లేవదట" అన్నారాయన.

"అబుదాబిలో మంచెక్కణ్ణించి తెస్తారు?"

ఆయన వంటింటి వైపు చూశారు. నాకప్పుడు అర్థం కాలేదు. మర్నాడు పెరుగు కోసం ఫ్రిజ్ తెరిస్తే, కింద కూరగాయల అరలో తడిగుడ్డ చుట్టిన కుండీ ఉంది. నా బెండకాయలూ, వంకాయలూ గట్టు మీద వడిలిపోతున్నాయి.

"మట్టి లోపల, కూరలు బయటా? ఇడ్లీపిండి పక్కన ఎరువు పెడతారా ఎవరన్నా?" అని ఆ రోజంతా అరిచాను. ఆయన "రెండు నెలలేగా" అన్నారు.

బక్రీద్ వచ్చింది. పై వాటాలో ఉండే నెల్లూరు అక్క కుర్బానీ మాంసం గిన్నె పట్టుకుని దిగొచ్చింది. వాళ్ళ ఫ్రిజ్ నిండిపోయిందట. మా కింది అర లాగి, వెనక్కి తగ్గింది.

"ఏందమ్మే ఇది? పురిటి బిడ్డని చుట్టినట్టు చుట్టి పెట్టినావు?"

"హోస్టా అక్కా."

"హాస్టలా?"

"మొక్కక్కా. పడుకుంది."

అక్క నా మొహం చూసి, మొక్కని చూసి, గిన్నె నా చేతికిచ్చేసి నేల మీద కూలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాంసం గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడ్డాను.

చలి తగ్గుతుండగా కుండీ బయటికొచ్చింది. కొన్నాళ్ళకి మట్టిలోంచి ఊదారంగు మొలకలు లేచాయి. అవి మెల్లగా చుట్ట విప్పుకుంటుంటే, చెప్పకేం, ముద్దుగానే ఉన్నాయి. అందుకు నాకింకా ఒళ్ళు మండింది.

మొక్క ఆకులేసుకునే వేళకి ఆయన్ని కల్బాలో కొత్త సైటుకి పంపారు. కంపెనీ క్యాంపులోనే ఉండాలి. రెండు మూడు వారాలకోసారి ఇంటికి. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు.

"ఎలా ఉంది?"

"ఏది?"

"హోస్టా. కొత్తాకు వచ్చిందా? మట్టి తడిగా ఉందా? మధ్యాహ్నం వాడిందా?"

పాప గురించి ఒక ముక్క. నా గురించి ఏమీ లేదు. నేను బదులు చెప్తూనే ఉన్నాను, నెలల తరబడి.

జూన్‌లో మా ఏసీ పాడైంది. ఊరందరి ఏసీలూ చూసే మనిషి ఇంట్లో ఏసీ. వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే మనుషులంతా సైట్ల మీద ఉన్నారు, రేపు పంపిస్తాం అన్నారు. ఆ రేపు రాలేదు. పాప ఒంటినిండా చెమటకాయలు. తడితువ్వాలు కప్పి విసురుతూ కూర్చున్నాను. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏసీ ఆగిందటగా. మొక్కనేం చేశావు?"

"మొక్కనా? పిల్ల ఒళ్ళంతా పొక్కిపోయింది. నేను పొద్దుట్నించి ఏం తిన్నానో నాకే తెలీదు. మీకు మొక్క కావాలా? దాన్నే కట్టుకుని నన్ను కడియంలో వదిలెయ్యాల్సింది!"

ఫోన్ కట్ చేశాను. నా అరుపులకి అక్క పైనించి దిగొచ్చింది. పాపనెత్తుకుని "యల్లా, పైకి పద" అంది. బట్టలు పట్టుకుని నేనూ వెనకాలే మెట్లెక్కాను. సగం మెట్లెక్కి, తిట్టుకుంటూ మళ్ళీ దిగి, ఆ కుండీ కూడా చంకనెత్తుకుని వెళ్ళాను.

జుమ్మా నాడు ఆయన వచ్చారు. కల్బా నించి బస్సులు మారి, సంచీలో ఏసీ సామాను వేసుకుని. వస్తూనే చొక్కా విప్పి ఏసీ విప్పారు. చల్లగాలి వచ్చేదాకా దాన్ని వదల్లేదు. తర్వాత నేల మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పారు.

"రూములో ఎనిమిది మందిమి. ఫోన్ ఎత్తితే అందరి చెవులూ నా మీదే. మొదట్లో నిన్ను 'తిన్నావా' అని అడిగానా, ఆ మాట పట్టుకుని నన్ను ఎంత ఏడిపించారో. మొక్క గురించైతే ఎవడూ పట్టించుకోడు."

"అయితే మొక్కెలా ఉందంటే నేనెలా ఉన్నాననా?"

కొంచెం ఆలోచించారు. "రెండూ" అన్నారు.

"బయటికొచ్చి మాట్లాడచ్చుగా?"

"బయట ఎండే!"

ఈ మనిషిని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఆ తర్వాత ఫోన్లలో "హోస్టా తిందా?" అని అడగడం మొదలెట్టారు. "తింది. తలనొప్పిగా ఉందని పడుకుంది" అని నేను చెప్పేదాన్ని. రూములో ఒకాయన మా ఆయనకి ఎండదెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాడట. కాస్త నవ్వొచ్చేది. అయినా బకెట్ మోసేది నేనే.

కల్బా పని అయిపోయి ఆయన తిరిగొచ్చారు. మళ్ళీ ఆకులు రాలాయి, మళ్ళీ కుండీ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. ఈసారి నేను అరవలేదు. ఓపిక లేదు. ఆ జనవరిలో మేం అల్ ఐన్‌లో పెళ్ళికని వారం వెళ్ళినప్పుడు మా వాటాలో కరెంటు పోయింది. తిరిగొచ్చి తలుపు తెరిస్తే ఇల్లంతా కంపు. పాలు, పిండి, చేపలు, అన్నీ. ఆయన ముందు కుండీ తీశారు. ఫ్రీజరు కరిగిన నీళ్ళలో నాని, వేళ్ళు నల్లగా, మెత్తగా చేతిలోనే విడిపోయాయి.

చాలాసేపు మట్టిలో చెయ్యి పెట్టి వెతికారు. ఎక్కడన్నా గట్టి ముక్క మిగిలిందేమోనని. నేను పక్కనే కూర్చుని వెతికాను. ఏమీ లేదు. ఆయన లేచి, ఫ్రిజ్ అరలన్నీ బయటికి లాగి, నిమ్మచెక్కలతో తోమడం మొదలెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన వంటింట్లో ఏదన్నా తోమగా చూడడం అదే మొదలు. జాలేసింది.

"పోన్లెండి" అన్నాను. "ఎంత చేశాం దానికి."

"అవును" అని తలూపి, ఇంకో అర కడిగి ఆరబెట్టారు. చేతులు తుడుచుకుంటూ ఫ్రిజ్ లోపలికి తొంగిచూశారు.

"పై అర కూడా తీసేస్తే రెండు కుండీలు పడతాయి కదే?"