ఆరున్నొక్కటో తూటా

మొన్న మా ఆయన, లైసెన్సు ఇక తిరగరాయించుకునే ఓపిక లేదని చెప్పి, మా మామ వాడిన పెద్ద తుపాకిని స్టేషన్లో అప్పగించి వచ్చాడు. తోడుగా నేనూ వెళ్ళాను. దాన్ని అందుకున్న కానిస్టేబులు బరువుకు కాస్త తూలి, ఇంత తుపాకిని ఎవరు పేల్చేవాళ్ళమ్మా అని అడిగాడు. పేల్చిన మనిషి సంగతి చెప్పాను గానీ, తూటాల్లో మందు పోసింది నేనేనంటే ముసలమ్మకు మతి చెడిందనుకుంటాడని ఊరుకున్నాను. నా ఈడువాళ్ళు మీకైతే చెప్పుకోవచ్చు.

అడవి దున్నల వేటకని ఎవరో దొర తెప్పించుకొని, దేశం విడిచిపోతూ మా మామ నాయనకు ఇచ్చిపోయిన తుపాకి అది. పేల్చినవాణ్ణి గాడిద తన్నినట్టు తన్నేది. మామ కుడిభుజం కాయ కాచి నల్లబడి ఉండేది. ఒక్కసారి పేల్చి వస్తే మా అత్త రెండు రోజులు ఉప్పు కాపడం పెట్టేది, పెడుతున్నంతసేపూ ఆ తుపాకిని, దాన్నిచ్చిన దొరను కలిపి తిట్టేది. దానికి సరిపడే తూటాలు అంగళ్ళలో దొరకడం ఏనాడో ఆగిపోయింది. అందుకని మామ, పేలిన ఇత్తడి గొట్టాలను చింతపండుతో తోమి దాచుకొని, తానే మళ్ళీ మందు నింపి, సీసపు గుండు బిగించుకునేవాడు.

మందు నింపే రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇంటిల్లిపాదికీ ముందు రోజు సంగటి, మజ్జిగ, నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి. గాలి రాకుండా తలుపు వేసి, కిటికీ వెలుతురులో కంసాలి త్రాసు పెట్టుకొని, ఒక తట్టలో గురిగింజలు, ఒక తట్టలో మందు వేసి తూచేవాడు. ఆ గింజలు కూడా ఏవంటే అవి కావు, ఒకదానితో ఒకటి తూచి సరిసమానంగా వచ్చినవే ఏరి పెట్టుకున్నాడు. మందు రవ్వంత ఎక్కువైతే కోడి ఈకతో తీసేవాడు. అబ్బా, ఆ ఓపిక నేను మరెవరిలోనూ చూడలేదు! పెట్టె మూసేదాకా ఆ గదిలో లెక్క తప్ప ఇంకో మాట వినబడకూడదనేది ఆయన కట్టడి. మా ఆయన మాటల పుట్ట కాబట్టి గడప కూడా తొక్కనిచ్చేవాడు కాదు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది, ఒక అడవిపంది శెనక్కాయ చేలల్లో పడి, కలుపు తీస్తున్న ఆడమనిషి తొడ చీల్చేసింది. కాల్చడానికి అనుమతి తెచ్చుకొని ఊరి పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. తుపాకి పడితే మామ చెయ్యి రాయిలా నిలిచేది గానీ, సన్నపనికి అప్పటికే వణుకుతుండేది. కుట్లు అల్లికలు చేసే నా చేతిని చూసి, గొట్టాల్లోకి మందు పోసే పని నాకిచ్చాడు. ఇంటికి వచ్చిన కొత్తకోడలిని అంత నమ్మాడు.

ఆయన తూచి తట్ట అందిస్తూ లెక్క చెప్పడం, నేను కాగితపు గరాటుతో పోయడం. మొదటిదానికి లాభం అన్నాడు. డోన్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, అంగటి బియ్యం కిలోల లెక్కన కొనుక్కు తిన్నదాన్ని, కల్లంలో కొలతలు నాకేం తెలుసు? లాభమంటే ఒకటి కాబోలనుకున్నాను. రెండు, మూడు అంటూ ఆరుదాకా బాగానే నడిచింది. తర్వాత తట్ట అందిస్తూ ఆరున్నొక్కటి అన్నాడు. ఆరోదానిలో ఇంకొకటి పోయమంటున్నాడని నేను అందులోనే పోసేశాను. అడుగుదామంటే మాట్లాడకూడదాయె! పది లెక్క పూర్తయ్యేసరికి ఒక గొట్టం ఖాళీగా మిగిలింది. మామ దానివైపు చూశాడు, వాకిట్లో తొందరపెడుతున్న మనుషుల వైపు చూశాడు, తానే లెక్క తప్పానేమోనని ఇంకొకటి తూచి ఇచ్చాడు.

పొద్దు వాలుతుండగా ఆయన చేనికి వెళ్ళాడు. ఇంట్లో మా అత్త, దెబ్బ తగిలిన ఆడమనిషి ఇంటికి పంపడానికి జొన్నలు కొలుస్తోంది. ఐదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది అంటోంది. ఏడేదత్తా అన్నాను.

"ఏడంటే ఏడుపు గదమ్మా! కొలిచేటప్పుడు ఆ మాట ఎవురైనా అంటారా?"

రెండింతల మందు పడిన తూటా పేలితే తుపాకి ఆయన మొహం మీదే పగులుతుంది. చెప్పుల్లేకుండా, కొంగు జారుతున్నా పట్టించుకోకుండా పరుగెత్తాను. ముళ్ళు గుచ్చుకున్న సంగతి కూడా మరుసటి రోజే తెలిసింది.

పంది అప్పటికే చేనిలో దిగింది. మామ తుపాకి భుజానికి ఆనించి ఉన్నాడు. నేను పెట్టిన కేకకు పంది కాస్తా పారిపోయింది.

"ఏమైందమ్మా, అట్ల పరిగెత్తుకోని వస్తాండావు?"

ఏడుస్తూ చెప్పాను. ఆయన తుపాకి విప్పి తూటా బయటికి తీశాడు. ఆడోళ్ళ చేతికి మందిస్తే ఇట్లే ఉంటాదని పెద్దల్లో ఒకాయన గొణిగాడు.

"ఆ బిడ్డ తప్పేం లేదప్పా. తెలిసేటట్ల చెప్పనోణ్ణి నేను. ఒకటి మిగిలినప్పుడే అన్నీ ఇప్పి చూడాల్సింది, తొందరపడితిని" అన్నాడు మామ.

మరుసటి ఉదయం మళ్ళీ పొయ్యి ఆర్పించి, పది తూటాలూ విప్పాడు. ఒకదానిలోంచి కాగితం మీద రెండింతల మందు పడింది. నా వల్ల కాదు మామా, ఇంకెవరినైనా పిలవండి అని లేచాను. కూచోమ్మా అని తట్ట నా చేతికే ఇచ్చాడు. లాభం, రెండు, మూడు... ఆరు దాకా వచ్చి ఆగాడు. కొలిచేటప్పుడు జన్మలో ఆ మాట అననివాడు, గొంతు సవరించుకొని, గట్టిగా "ఏడు" అన్నాడు. తలుపవతల మా అత్త శివశివా అనడం నాకు వినిపించింది.

ఆ వారంలోనే ఒక్క తూటాతో పంది పడింది. ఇప్పుడు చేల చుట్టూ కరెంటు కంచెలు, కల్లంలో అంకెలు చూపించే కాటాలు వచ్చాయి. నోటితో లెక్కపెట్టేవాళ్ళే లేరు, ఇక ఏడు అనడానికి జంకేదెవరు? నేనూ అత్తనయ్యాను. కోడలు పొయ్యి మీద పాలు పొంగిపోనిస్తే చాలు, నా నోరు ముందు లేస్తుంది. చావు తప్పించుకొని వచ్చిన మరునాడే, ఆ తప్పు చేసినదాని చేతికే మళ్ళీ మందు తట్ట ఇచ్చిన ఆ మనసు, అదే ఇంట్లో ఇన్నేళ్ళు బతికినా, నాకు మాత్రం అబ్బలేదు.