గోడ వంగుతుందని చెప్పలేదు

మా ఫిజిక్స్ సార్ పోయారు. ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో నాతో చదివినవాడు పొద్దున్నే ఫోన్ చేసి, "సార్ పోయినాడురా, మట్టి చేసేది రేపంట" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో చెప్తాను.

పోయినవాళ్లను మంచివాళ్లని రాయడం ఆనవాయితీ. మా సార్ అంత మంచివారు కాదు. రికార్డులో తప్పు కనబడితే ఆ పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టి, "మొదట్నించి రాయి" అనేవారు. తప్పెక్కడో చెప్పేవారు కాదు. జ్వరంతో మర్రిపాడు నుంచి బస్సులో వచ్చిన నా చేత ఒకసారి నలభై పేజీలు మళ్లీ రాయించారు. అందరి ముందూ నిలబెట్టి, "గొర్రెలు కాసుకోపోరా" అన్నారు. మా ఇంట్లో నిజంగానే గొర్రెలుండేవి.

కానీ ఇనప కడ్డీకి తీగ చుట్టి, దాన్ని పాత రేడియోకు తగిలించి, అయస్కాంతం దగ్గరికి జరిపిన రోజు నేను ఆయనకు బానిసనైపోయాను. రేడియో చిటపటమంది.

"ఇంటన్నారా? లోపల గోడ జరగతా ఉండాది. ఇటుకల గోడ కాదురా! ఇటు తిరిగిన అణువులకీ అటు తిరిగినవాటికీ నడిమి సరిహద్దు. స్ఫటికంలో లోపం తగిల్తే ఆడే పట్టుకోని ఆగిపోద్ది. బలం చాలినాక ఒక్క దూకు దూకతాది. ఆ దూకుడే ఈ సప్పుడు."

ఈరోజు నేను యూనివర్సిటీలో చెప్తున్నది ఆ గోడల పాఠమే. ఆయన పెట్టిన భిక్ష.

రిటైరై ఉదయగిరిలో ఉంటూ సార్ సొంతంగా ఒక సిద్ధాంతం రాశారు, లోపాల పట్టు విడిపించుకోడానికి గోడకు ఎంత బలం కావాలని. పోయినేడు ఆ నోటుపుస్తకం నాకు పంపి, "నువ్వు సరేనంటేనే పత్రికకు పంపిస్తా" అన్నారు. మూడో పేజీలోనే తప్పుంది. గోడను చెక్కపలకలాగా బిర్రుగా, తిన్నగా అనుకున్నారు. అలా అనుకుంటే లోపాలు అటూ ఇటూ లాగే లాగుళ్లు ఒకదానితో ఒకటి చెల్లిపోయి, లెక్కలో గోడ ఎక్కడా ఆగదు. నిజం గోడ వంగుతుంది, అందుకే చిక్కుకుంటుంది. ఆ ఒక్క మాట చెప్తే సరిపోయేది.

నేను ఎర్ర పెన్ను తీసి, పేజీకి అడ్డంగా గీత కొట్టి, "మొదటి నుంచి రాయండి" అని రాసి తిప్పి పంపాను. రాయి అనకుండా రాయండి అన్నాను, అంతే నా సంస్కారం.

సార్ ఫోన్ చేశారు. "తప్పు యాడరా?"

"మీరే కనుక్కోండి సార్."

"సరే" అని పెట్టేశారు. ఆ రోజు నాకు హాయిగా ఉంది. అబద్ధమెందుకు, వారం రోజులు హాయిగా ఉంది.

మట్టి అయ్యాక ఉదయగిరి ఇంట్లో సార్ భార్య నాలుగు నోటుపుస్తకాలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నీ మాట పట్టుకోని నాలుగుసార్లు రాసినాడు నాయనా. సూపు ఆనకపోయినా వదల్లా. మొన్నే అయిపోయిందన్నాడు."

చివరి పుస్తకం తెరిచాను. మూడో పేజీలో గోడ ఉంది. స్కేలు పెట్టి తిన్నగా గీశారు.

"ఇప్పుడన్నా సరిగ్గా వచ్చిందా?" అని అడిగిందామె.

"వచ్చిందమ్మా" అన్నాను.

ఆమె, కుర్చీలో పెట్టిన సార్ ఫోటో దగ్గరికి వెళ్లి వంగింది. సార్‌కు చివర్లో చెవులు సరిగ్గా వినబడేవి కావట. గట్టిగా చెప్పింది:

"ఏమయ్యా, ఇన్నావా? సరిగ్గానే వచ్చిందంట."