ఏ రోజు నుంచి భార్య

నాకు పెళ్ళి రెండుసార్లు అయింది, రెండుసార్లూ ఒకే మనిషితో. ఈ మాట చెబితే బంధువులు నవ్వుతారు. అమెరికా ప్రభుత్వం మాత్రం నవ్వలేదు. మొదటిసారి అయినప్పుడే అయినట్టు లెక్కట, ఆ సంగతి దాచి నా భార్య వాళ్ళ దేశంలోకి వచ్చిందట, కాబట్టి వెనక్కి పంపేస్తామంటోంది. ఏడాదిగా ఇదే గొడవ. ఇందులో ఎవరు ఎవరికి అబద్ధం చెప్పారో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మాకు సంబంధం కుదిరేనాటికి ఆమె కొండపల్లిలో పిన్నిగారింట్లో ఉండేది. వాళ్ళమ్మగారు అమెరికా పౌరురాలు. పెళ్ళికాని కూతురని చెప్పి ఈమె కోసం ఎప్పుడో దరఖాస్తు పెట్టారు. మేం తాంబూలాలు పుచ్చుకున్న కొద్దిరోజులకే ఆ వీసా వచ్చింది. గడువులోపల వెళ్ళాలి. చూస్తే మూఢం, ముహూర్తాలు లేవు. అక్కడికి వెళ్ళాక పిల్ల మనసు మారితే ఎలాగని మా అమ్మకు బెంగ పట్టుకుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టించేస్తే ఒక ధైర్యం ఉంటుందని పట్టుబట్టింది. సరే, పెట్టాం. ఫోటో కోసం దండలు కూడా మార్చుకున్నాం.

బయటికి రాగానే ఆమెను కొండపల్లిలో దింపి వస్తానన్నాను. అమ్మ కళ్ళెర్రజేసింది. పెళ్ళి కాకుండా ఆ పిల్లతో బస్సులో తిరుగుతావా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారని కేకలేసింది. కాసేపటి కిందట నాచేత సంతకం పెట్టించింది ఈవిడే. బెంజ్ సర్కిల్లో టిఫిన్ తినేటప్పుడు కూడా మా ఇద్దరినీ వేరువేరు బల్లల దగ్గర కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చున్న ఎవరో పెద్దాయన ఇడ్లీ నములుతుంటే ఆయన భుజం మీదుగా ఆమెను చూశాను. అదే మా పెళ్ళి విందు. భవానీపురంలో మా ఇంటి గుమ్మం ఆమెను తొక్కనివ్వలేదు. జీలకర్ర బెల్లం పెట్టందే కోడలు ఎలా అవుతుందని అమ్మ వాదన. రెండు ఇళ్ళవాళ్ళూ నిజమేనన్నారు.

ఆమె ఒక్కతే విమానం ఎక్కి వెళ్ళింది. అక్కడ దిగగానే పెళ్ళయిందా అని అధికారి అడిగాడట. కాలేదంది. రెండేళ్ళ తర్వాత సెలవు పెట్టి వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున కల్యాణమండపంలో బ్రహ్మాండంగా పెళ్ళి చేశారు. అప్పుడుగాని అమ్మ ఆమెను కుడికాలు పెట్టి లోపలికి రానివ్వలేదు. ఆమె మళ్ళీ వెళ్ళిపోయి నాకోసం దరఖాస్తు పెట్టింది.

హైదరాబాదులో నా వీసా ఇంటర్వ్యూ. సర్టిఫికెట్ మీద ఒక తేదీ, పెళ్ళి ఫోటోల మీద ఇంకో తేదీ. గాజు పలక అవతల కూర్చున్న అమ్మాయి మీ పెళ్ళి ఎప్పుడైందని అడిగింది.

"ఏ పెళ్ళండీ? రిజిస్టరుదా, అసలుదా?" అన్నాను.

తెలివిగా మాట్లాడాననుకున్నాను కూడా. ఆమె టైపు చేయడం ఆపి నావైపు చూసింది. ఇంకా వినాలని ఉందేమోనని మా అమ్మ సంగతి, వేరువేరు బల్లల సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఎంతో మర్యాదగా విన్నది. నా వీసా ఆగిపోయింది. కొన్నాళ్ళకు నా భార్యకు నోటీసు వెళ్ళింది.

అక్కడి లాయరు ఫోనులో మా ఇద్దరికీ విడమరిచి చెప్పాడు. పెళ్ళికాని కూతుళ్ళ వరస వేరు, పెళ్ళయినవాళ్ళ వరస వేరు, రెండోది చాలా పొడుగు. సంతకం పెట్టిన రోజే ఆమె మొదటి వరసలోంచి బయటికి వచ్చేసింది, కాబట్టి ఆ వీసా మీద రావడమే చెల్లదు. పైగా పెళ్ళి కాలేదని నోటితో చెప్పింది. అయితే తల్లి అక్కడి పౌరురాలు కనుక జడ్జి దయతలిచి ఉండనివ్వవచ్చు. తెలిసి చెప్పినా తెలియక చెప్పినా ఆ దయ అడగొచ్చు. కాని ముందు తను చెప్పింది నిజం కాదని ఒప్పుకోవాలి. నేను నిజమే చెప్పానని మొండికేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. ఒప్పుకుంటూనే తెలియక అన్నానంటే జడ్జి మనసు కరుగుతుంది, తెలిసే అన్నానంటే ఏం జరుగుతుందో చెప్పలేనన్నాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. తప్పు చేశానంటే ఉండనిస్తారు, చేయలేదంటే పంపేస్తారు. ఇదెక్కడి న్యాయమో!

వాళ్ళమ్మగారికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు తీసుకెళ్ళేది ఈమే, ఇంకెవరూ లేరు. మోసం చేసిందన్న ముద్రతో పంపేస్తే మళ్ళీ వెళ్ళడం కల్ల. అంతా తెలుసు. కాని పంపేస్తే ఎక్కడికి వస్తుంది? నా దగ్గరికే కదా. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నామీద నాకే అసహ్యం వేసింది. అయినా వస్తూనే ఉంది.

అమ్మ మాత్రం ఎప్పటిలాగే ధీమాగా ఉంది. ఆ జడ్జిని నాతో మాట్లాడించు, అది పెళ్ళి కాదని నేను చెబుతానంటుంది. సంతకాలు పెట్టించింది నువ్వే కదమ్మా అంటే, అది వేరు ఇది వేరు అంటుంది.

విచారణ ఎల్లుండి. నాది రొయ్యల మేత వ్యాపారం. ఇవాళ పొద్దున కైకలూరు దగ్గర ఒక చెరువు గట్టు మీద ఉండగా ఆమె ఫోను చేసింది. లాయరు చెప్పినట్టే చెప్పు, అప్పుడు అది పెళ్ళని తెలియదను, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు అని మళ్ళీ అప్పజెప్పాను.

"తెలియకపోవడం ఏంటండీ," అంది. "సంతకం పెట్టిన రోజే మిమ్మల్ని మా ఆయన అనుకున్నాను. పెళ్ళయిన రోజు ఒక్కదాన్నే ఇంటికి పోతున్నానని కొండపల్లి బస్సులో ఏడ్చాను. అక్కడ దిగాక ఆ అధికారి అడిగినప్పుడు మీ అమ్మగారి మాటలు గుర్తు తెచ్చుకుని కాలేదన్నాను. ఒకసారి మిమ్మల్ని కాదన్నాను. మళ్ళీ అనమంటారా?"

నా జన్మలో అంత సంతోషం ఎరగను. ఆ వెంటనే విచారణ గుర్తొచ్చింది. ఇదే మాట ఎల్లుండి అక్కడ అంటే వాళ్ళమ్మగారిని ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు?

"అను," అన్నాను. "నన్ను మొగుడనుకోలేదనే చెప్పు. నేనేమీ అనుకోను."



"అప్పుడు ఆ అధికారికి నేను చెప్పింది అబద్ధమో కాదో నాకింకా తెలియట్లేదండీ," అంది. "ఇప్పుడు మీరు చెప్పమనేది మాత్రం అబద్ధమే."