కబురు అడగని ఇల్లు

సబ్జల్ ఇంటి వెనక నలభై అడుగులు వేస్తే గ్యాసు పైపు. నిలువెత్తు మనిషి కౌగిలికి సరిపడా లావు. సియాకుంబ్ కొండల కింద పుట్టిన గ్యాసు ఆ పైపులోంచి పోయి కరాచీలో కార్ఖానాలు తిప్పుతుంది, లాహోరులో టీ కాస్తుంది. దానికి అప్పట్లో కాపలాదారు సబ్జల్. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే తలపాగా చుట్టుకుని, కర్ర పట్టుకుని, మూడు మైళ్ళు పోయి మూడు మైళ్ళు వచ్చేవాడు. అతని ఇంట్లో మాత్రం భార్య గంజ్‌బీబీ కంపకట్టెలూ ఒంటె పెంటికలూ పెట్టి పొయ్యి ఊదేది. ఊది ఊది ఆమె ఊపిరితిత్తులు పొయ్యిగోడలాగే మసిబారాయి.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి సబ్జల్ గ్యాసు కావాలని అర్జీ పెట్టాడు. "ఇది పెద్ద పైపు. దీన్నుంచి ఇళ్ళకివ్వరు" అన్నాడు కంపెనీ గుమాస్తా. "మరి ఇళ్ళకిచ్చే చిన్న పైపు ఎప్పుడొస్తుంది సాబ్?" అని అడిగితే, "వచ్చినప్పుడు నీకు చెప్పకుండా ఉంటామా" అని నవ్వాడు. సబ్జల్ కూడా నవ్వి వచ్చేశాడు. మళ్ళీ అడగలేదు.

అడగకపోవడం వాళ్ళింట్లో తాతల నాటి అలవాటు. తాత తెల్లదొరల టెలిగ్రాఫ్ తీగకి కాపలా కాశాడు. ఆ తీగ మీద సియాకుంబ్ మాట ఒక్కటీ పోలేదు. తండ్రి రైలు కట్టకి కాపలా కాశాడు. ఆ రైలు సియాకుంబ్‌లో ఎన్నడూ ఆగలేదు. ముగ్గురిదీ ఒకటే ఇత్తడి బిళ్ళ. దొర వెళ్ళిపోయాక దాని మీది కిరీటాన్ని ఆకురాయితో అరగదీసి నెలవంక చెక్కారు, అంతే. బిళ్ళ మారలేదు, బిళ్ళ పద్ధతీ మారలేదు. దొరలు ఊరి సర్దారుతో మాట్లాడేవాళ్ళు, ఊరితో కాదు. కొత్త దేశం కూడా సర్దారుతోనే మాట్లాడింది. సర్దారు విడిదింట్లో గ్యాసు పొయ్యి ఉంది. అక్కడికి చిన్న పైపు ఎప్పుడో వచ్చింది.

గంజ్‌బీబీకి ఒక్కడే తమ్ముడు, మెహ్రాబ్. ఇంజన్లు బాగుచేస్తాడు. నోరు ఊరుకోదు. "మా బావ ఉన్నాడే, లాహోరు వాళ్ళ టీ పొంగకుండా ఇక్కణ్ణుంచి కాపలా కాస్తాడు" అని పదిమందిలో అనేవాడు. సబ్జల్ మూతి ముడుచుకునేవాడే గానీ లోలోపల అతనంటే ప్రాణం.

ఆ చలికాలం గంజ్‌బీబీ దగ్గు ముదిరింది. రొట్టెపిండి కలుపుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని నిలబడేది. మెహ్రాబ్ నాలుగు రోజులు చూశాడు. ఇంటి వెనక పైపు వాల్వు దగ్గర కొంతకాలంగా సన్నగా గ్యాసు కారుతోంది. సబ్జల్ మూడుసార్లు కంపెనీకి చెప్పాడు, ఎవరూ రాలేదు. ఒకరోజు సబ్జల్ కాపలా నుంచి ఇంటికొచ్చేసరికి ఆ వాల్వు నుంచి పొయ్యి దాకా రబ్బరు గొట్టం పాకి ఉంది. పొయ్యిలో నీలం మంట.

"పొగ లేదయ్యా!" అంది గంజ్‌బీబీ. చిన్నపిల్లలా మంట ముందు కూర్చుని ఉంది. "చూడు, నా కళ్ళు చూడు. నీళ్ళు కారట్లా."

"ఎవడు చేశాడీ పని?" అన్నాడు సబ్జల్. ఎవడో తెలిసీ.

మెహ్రాబ్ గిన్నె అందించాడు. "ముందు టీ తాగు బావా. ఇరవై ఆరేళ్ళు ఎవరెవరి టీకో కాపలా కాశావు. ఒక్కపూట నీ టీ నువ్వు తాగు."

"ఇల్లు కాలిపోద్దిరా వెధవా! పైగా దొంగతనం."

"గాల్లోకి పోయేది పట్టుకుంటే దొంగతనమా? మన కొండ కడుపులోంచి తీసుకుపోయేదాన్నేమంటారో?"

సబ్జల్ గిన్నె అందుకున్నాడు. టీ తాగాడు. పొగ వాసన లేని టీ రుచి కొత్తగా ఉంది. కానీ పెద్ద పైపు సంగతి అతనికి తెలుసు, నిప్పు సంగతీ తెలుసు. మర్నాడు సాయంత్రానికల్లా గొట్టం పీకించేశాడు. మెహ్రాబ్ పేచీ పెట్టలేదు. "రెండు రోజులైనా అక్క ఊపిరి పీల్చుకుంది" అని గొట్టం చుట్టి భుజాన వేసుకుపోయాడు. గంజ్‌బీబీ మళ్ళీ కట్టెల మోపు విప్పింది.

సంగతి అక్కడితో అయిపోయింది. అయిపోవలసిందే కానీ, కాలేదు.

కబురు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. సియాకుంబ్‌లో ఎవరింటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళిస్తారు, తర్వాత కబురు అడుగుతారు. అడిగాక వచ్చినవాడు తాను బయల్దేరినప్పటి నుంచీ చెప్పుకొస్తాడు. ఎక్కడ వాన పడింది, ఎక్కడ గడ్డి మొలిచింది, ఎవరు పోయారు, ఎవరికి ఎవరితో మాటలు లేవు, తన ఇంట్లో ఏం జరిగింది, అన్నీ. కలిపి చెప్పకూడదు, దాచి చెప్పకూడదు. కబురులో దాచినవాడు దొంగ కన్నా హీనం. చెప్పడం అయ్యాక అతను "మరి మీ కబురు?" అంటాడు. అప్పుడు ఇంటివాళ్ళూ అలాగే చెప్పాలి. పగవాడొచ్చినా ఇదే మర్యాద. పత్రికలు రాని కొండల్లో మనుషులు ఒకరికొకరు మిగిలింది ఈ కబురుతోనే.

పైపు దారిలో ఒక చెక్‌పోస్టు ఉంది. అక్కడి సుబేదార్ నియామత్‌ది జీలం నది వైపు మైదానపు పల్లె. చెడ్డవాడు కాడు. గంజ్‌బీబీకి దగ్గుమందు సీసా రెండుసార్లు తనే తెప్పించి ఇచ్చాడు. మధ్యాహ్నం అతనూ సబ్జల్ ఒకే చాప మీద, భుజానికి భుజం ఆనించి, ఒకే దిక్కుకి తిరిగి నమాజు చదివేవాళ్ళు. ఈ దేశాన్ని కట్టినవాళ్ళు ఆ చాప ఒక్కటే చాలనుకున్నారు. చాప మీంచి లేచాక ఒకడి మాట ఇంకొకడికి ఎలా అర్థమవుతుందో ఆలోచించలేదు.

గొట్టం పీకించిన మూడోనాడు, నమాజు అయ్యాక, సుబేదార్ బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "ఇంకేంటి చాచా, ఏం కబుర్లు?"

జీలంలో ఆ మాటకి "ఏముంది, అంతా బాగే" అంటే సరిపోతుంది. ఏమీ అనకపోయినా సరిపోతుంది. సబ్జల్ మాత్రం తలపాగా గుడ్డ విప్పి నడుముకీ మోకాళ్ళకీ చుట్టుకుని, కబురు చెప్పే మనిషి కూర్చోవలసిన తీరులో నిమ్మళంగా కూర్చున్నాడు. వాగులో నీళ్ళు తగ్గాయన్నాడు. అన్న కొడుకు ఒంటె ఈనిందన్నాడు. భార్య దగ్గు సంగతి చెప్పాడు. బావమరిది మెహ్రాబ్ వాల్వుకి గొట్టం తగిలించాడనీ, అది తప్పని చెప్పి తనే తీయించేశాననీ, దాచకుండా చెప్పాడు. చెప్పి, మర్యాదగా, "మరి మీ కబురు సాబ్?" అన్నాడు.

సుబేదార్ అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. "మాదేముంది చాచా, ఉద్యోగం" అని లేచి లోపలికి పోయాడు. పోయి, రోజువారీ రిజిస్టరులో పైపుకి సంబంధించింది ఏది విన్నా రాయాలన్న రూలు ప్రకారం, ఒక లైను రాశాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఇరవై మైళ్ళ అవతల పైపు పేలింది. కొండల్లో తుపాకులు పట్టి తిరిగేవాళ్ళు మేమే చేశామని ప్రకటించారు. పైపు జోలికి పోయినవాళ్ళ పేర్లన్నీ పంపమని పై నుంచి చెక్‌పోస్టులకి ఆర్డరొచ్చింది. నియామత్ రిజిస్టరులో ఉన్నది ఒకటే పేరు. మర్నాడు పట్టపగలు, ఇంజను విప్పి నూనె చేతులతో కూర్చున్న మెహ్రాబ్‌ని రెండు జీపులొచ్చి ఎక్కించుకుపోయాయి. చేతులు కడుక్కోనివ్వలేదు.

సబ్జల్ కంగారుపడలేదు. అదే అతను ఈనాటికీ తనని తాను క్షమించుకోలేని సంగతి. "మనవాడు చేసింది చిన్న పని, వాళ్ళకి తెలుసు. గొట్టం కూడా తీయించేశాం కదా. రెండు రోజుల్లో పంపేస్తారు. ఇప్పుడు వెళ్ళి గోలచేస్తే లేనిపోని అనుమానం" అన్నాడు. ఊరూ అదే అంది. పెద్దమనుషులంతా గడ్డాలు దువ్వుకుంటూ ఓపికపట్టమన్నారు. రెండు రోజులు కాదు, పదకొండు రోజులు ఓపికపట్టారు.

పన్నెండో రోజు సబ్జల్ కాపలా నుంచి వచ్చాడు. గంజ్‌బీబీ నీళ్ళిచ్చి కబురు అడిగింది. అతను చెప్పసాగాడు. ఆమె మధ్యలో ఆపింది.

"గొట్టం సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారు?"

కబురులో దాచకూడదు.

"నేనే."

"నువ్వా?"

"సుబేదార్ కబురు అడిగాడు గంజ్. అడిగితే చెప్పనా?"

"మరి వాడి కబురు వాడు చెప్పాడా నీకు?" అంది. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి సబ్జల్ ఇంటికొస్తే నీళ్ళిచ్చేది, రొట్టె పెట్టేది, కబురు మాత్రం అడిగేది కాదు. సియాకుంబ్‌లో మొగుడూ పెళ్ళాలు తిట్టుకుంటారు, ఒక్కోసారి కొట్టుకుంటారు కూడా. కబురు అడగని ఇల్లు మాత్రం అదొక్కటే.

సబ్జల్ చెక్‌పోస్టుకి పరుగెత్తాడు. నియామత్ మొహం పాలిపోయింది. "ఒట్టు చాచా, మావైపు అది ఊరికే అడిగే మాట. నువ్వు అంతా విప్పి చెప్తావని నేననుకున్నానా? విన్నాక రాయకపోతే నా ఉద్యోగం పోతుంది."

"రాశారు సరే సాబ్. తీయించేశానని కూడా రాశారా?"

నియామత్ తల దించుకున్నాడు. "లైను ఒక్కటే ఉంటుంది చాచా." నెల తిరక్కుండా అతనికి బదిలీ అయింది. పోతూ పోతూ దగ్గుమందు సీసా ఒకటి పంపాడు. గంజ్‌బీబీ దాన్ని మూత తియ్యకుండా గూట్లో పెట్టింది. ఇంకా అక్కడే ఉంది.

అప్పుడు మొదలైంది తిరగడం. ఆ జీపులు వచ్చిన సైన్యం క్యాంపు వాళ్ళు పోలీసుల్ని అడగమన్నారు. పోలీసులు మా రిజిస్టరులో లేడన్నారు. జిల్లా అధికారి ఇది రాజధాని వాళ్ళ సంగతన్నాడు. రాజధాని నుంచి వచ్చిన కాగితం ఇది రాష్ట్రం సంగతంది. ప్రతి ఆఫీసు గోడ మీదా 'ఒకే దేశం, ఒకే జాతి' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆ గోడ కింద కూర్చున్నవాడు మాత్రం పక్క ఆఫీసు వాడెవడో తనకి తెలియనట్టే మాట్లాడాడు. సర్దారు, "నువ్వు నా మనిషివిరా సబ్జల్, నేను చూస్తాగా" అని గ్యాసు పొయ్యి మీద కాచిన టీ ఇచ్చి పంపాడు. కోర్టులో అర్జీ వేస్తే వచ్చిన జవాబు అన్నిటికన్నా చిన్నది. ఆ పేరు గల మనిషి ఎవరి దగ్గరా లేడు.

ఈ దేశం ఎందుకు ఒక్కటి కాలేకపోతోందని పట్నాల్లో పెద్ద చదువుల వాళ్ళు సభలు పెట్టుకుంటారు. భాషలు ఎక్కువంటారు, కొండవాళ్ళు మొండివాళ్ళంటారు, విదేశాల కుట్రంటారు. సియాకుంబ్‌కి వచ్చి నీళ్ళు తాగి కబురు అడిగితే అరగంటలో తేలిపోయే సంగతి. ఈ దేశం అడుగుతుంది గానీ చెప్పదు. ఎవరు నువ్వు, ఎక్కడికి, కార్డేది, నీ ఇంట్లో ఎవరున్నారు, అన్నీ అడుగుతుంది. తిరిగి ఒక్క మాట అడిగితే వాచీ చూసుకుంటుంది. తుపాకీ పట్టినవాళ్ళదీ అదే దారి. పైపు పేల్చేముందు మెహ్రాబ్‌కి ఏమవుతుందని వాళ్ళూ అడగలేదు.

రెండో ఏడు సబ్జల్ ఇత్తడి బిళ్ళ తీసి కంపెనీ గుమాస్తా బల్ల మీద పెట్టేశాడు.

"ఎందుకు? వచ్చే ఏడు ఎలాగూ దిగిపోతావుగా?" అన్నాడు గుమాస్తా.

"మా తాత నుంచీ పోయేవాటికి కాపలా కాశాం సాబ్. ఇంక రావలసినవాడి కోసం కాస్తాను" అన్నాడు సబ్జల్.

అప్పటి నుంచి ప్రతి గురువారం పొద్దున్నే పదకొండు మైళ్ళు నడిచి క్యాంపు గేటు ముందు కూర్చుంటాడు, తలపాగా గుడ్డ నడుముకీ మోకాళ్ళకీ చుట్టుకుని. సెంట్రీలు మారుతుంటారు. కొత్తవాడు "ఏం కావాలి?" అంటాడు. "మెహ్రాబ్ కబురు" అంటాడు సబ్జల్. "లేదు, పో." సాయంత్రం దాకా కూర్చుని వస్తాడు. ఆరేళ్ళయింది. ఒక్క గురువారం తప్పలేదు.

మొన్న మాఘపు చలిలో అలాగే వచ్చాడు. ఇంట్లో పొగ. గంజ్‌బీబీ ఇప్పుడు కూర్చునే నిద్రపోతుంది, పడుకుంటే ఊపిరాడదు. నీళ్ళు ఇచ్చింది. అతను తాగాడు. ఆమె గిన్నె తీసుకుని, వెళ్ళకుండా, అక్కడే కూర్చుంది.

"కబురు చెప్పు" అంది.

ఏడేళ్ళు దాటాక అడిగింది. సబ్జల్ గుడ్డ చుట్టుకుని కూర్చుని మొదలుపెట్టాడు. వాగు ఎండిపోయిందన్నాడు. రెండో మలుపు దగ్గర గడ్డి మొలిచిందన్నాడు. సెంట్రీ కొత్తవాడు, మూతి మీద నూనూగు మీసమైనా సరిగ్గా రాలేదు, చలిగాలిలో కూర్చోకు తాతా, గోడ చాటుకి రా అన్నాడన్నాడు. ఆగాడు.

"తర్వాత?"

"మెహ్రాబ్ కబురు లేదు గంజ్."

ఆమె తల ఊపింది. దగ్గు తెర తగ్గేదాకా ఆగింది. "నువ్వు వాళ్ళకి చెప్పడం తప్పు కాదేమో" అంది. "పదకొండు రోజులు అడక్కపోవడం తప్పు. నేనూ అడగలేదుగా." అని పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.

ఇది చదివినవాళ్ళు సియాకుంబ్ మర్యాద ప్రకారం కబురు విన్నవాళ్ళే. విన్నవాళ్ళు ఊరికే లేచిపోకూడదు. రేపు మీ వాడలో ఎవరినైనా జీపు ఎక్కించుకుపోతే, అతను మీ భాషవాడు కాకపోయినా, మీ మతం వాడు కాకపోయినా, అసలు మీకు గిట్టనివాడే అయినా, ఓపికపట్టమనే పెద్దమనుషుల మాట వినకండి. పదిమంది కలిసి ఆ పూటే వెళ్ళండి. గేటు ముందు కూర్చుని, "మా మనిషి కబురు చెప్పండి" అని అడగండి. చెప్పేదాకా లేవకండి. పన్నెండో రోజున కాదు. మొదటి రోజున.