తెడ్డు తోక

"చూసిందే రాయండిరా. మార్కులు పోతే నేనుండాను గదా" అని మైపాడు సముద్రం ఒడ్డున మా జువాలజీ మాస్టారు ఇచ్చిన మాట యాభై ఏళ్ల కిందటే తప్పిపోయింది. ఆ మాట ఇచ్చిన మనిషి మొన్న నెల్లూరులో పోయారు. ఫోన్ చేసిన ఆయన కొడుకు నాన్న గురించి నాలుగు మాటలు రాయమన్నాడు. మంచివే రాయమని చెప్పలేదు కనుక ఒప్పుకున్నాను.

మా కాలేజీ ల్యాబులో ప్రాణులన్నీ ఫార్మలిన్ సీసాల్లో పాలిపోయి ఉండేవి. పరీక్షలో పేరున్న చీటీని కప్పేసి, లోపలున్నదేమిటో రాయమనేవారు. అందుకని మావాళ్లు ప్రాణిని వదిలేసి సీసాను బట్టీ పట్టేవాళ్లు. అంచు పగిలింది నక్షత్రచేప, మూతకు తాడు కట్టింది పాముచేప. "సీసాలు మారిస్తే క్లాసంతా ఫెయిలేరా" అని నవ్వుకునేవాళ్లు.

ఆ నవ్వు భరించలేక మాస్టారు ఆదివారాల్లో మమ్మల్ని బస్సెక్కించి మైపాడు తీసుకెళ్లేవారు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వలల్లోంచి ఏరి పారేసిన వాటి మధ్య గొంతుక్కూర్చునేవారు. నేను నేర్చుకున్న సైన్సంతా ఆ ఎండలో, ఆ నీచువాసనలోనే. ఒకసారి చచ్చిన సముద్రపామును కర్రతో తిప్పి చూపించారు.

"తోక చూడు. తెడ్డు మాదిరి ఉంటే పాము, విషం. వీపున రెక్క ఉంటే చేప."

ఆ వారమే ల్యాబులో తాడు కట్టిన సీసా ఎత్తి చూశాను. లోపలిదానికి తెడ్డు తోక. మాస్టారికి చూపిస్తే చాలాసేపు చూసి, అవునన్నారు. పాముచేప అని చీటీ రాసింది మా డిపార్ట్‌మెంటు హెడ్ గారట.

ఫైనల్ ప్రాక్టికల్స్‌లో నా ముందుకు ఆ సీసానే వచ్చింది. సముద్రపాము అని రాశాను. ఎగ్జామినర్ చీటీ చూసి కొట్టేస్తే వాదించాను. హెడ్ గారు పొగరన్నారు. మాస్టారిని అడగమన్నాను. ఆయన పక్కనే నిలబడి, తడిలేని చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ పొగరుకే హెడ్ గారు నన్ను ఫెయిల్ చేయించారు.

సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర మాస్టారు నా భుజం మీద చెయ్యేసి, "సెప్టెంబరులో మళ్లీ కట్టరా. ఈసారి సీసా మీద ఉండేదే రాయి" అన్నారు.

మళ్లీ కట్టాను. అదే సీసా, అదే జవాబు, అదే ఫలితం. ఎమ్మెస్సీ ఆశ అక్కడితో సరి. విడవలూరులో రొయ్యల మేత అమ్ముకుంటూ, దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ ముసలివాణ్నయ్యాను. గుంట గట్టున నిలబడి రొయ్యకు జబ్బు చేసిందో లేదో ఇప్పటికీ చెప్పగలను. అలా చూడడం ఆయన నేర్పిందే. అందుకు రుణపడి ఉన్నాను.

హెడ్ గారు ఎప్పుడో పోయారు. వల దగ్గరికి ఎన్నడూ వెళ్లని మనిషి, తెలియక రాశారు. ఆ గదిలో తెలిసిన పెద్దమనిషి ఒక్కరే. నేను ఈ రోజుకీ తప్పుపట్టేది ఆయన్నే, మా మాస్టారినే.