ఇసిద్రో పేరుకి పలికినవాడు

సాన్ ఎలీయాస్ రేవు నుంచి కొండ మీదికి ఎక్కే మెట్ల పక్కన ఔరేలియో తాళాల కొట్టు ఉంది. కొట్టంటే ఒక బల్ల, రెండు ఆకురాళ్ళు, గోడనిండా తాళంచెవులు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో, ఎప్పుడు మూసి ఉంటుందో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. సైరన్ మోగితే చాలు, సగం కోసిన తాళంచెవిని బిగింపులోనే వదిలేసి మెట్లు రెండేసి చొప్పున దిగిపోయేవాడు. తాళం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు అతన్ని తిట్టుకుంటూ ఆ మెట్ల మీదే కూర్చునేవాళ్ళు. ఏ రెండు గంటలకో మసి మొహంతో తిరిగొచ్చి, "ఆఁ, ఎక్కడ ఆపాం?" అనేవాడు.

అతని భార్య ఊర్సులా బతికున్నన్నాళ్ళూ, "జీతం లేదు, సెలవు లేదు, అదేం ఉద్యోగమయ్యా! నీకు ఇద్దరు పెళ్ళాలు. ఇంట్లో ఉన్నది చిన్నది. పెద్దది ఆ ఫైరింజను," అని ఎత్తిపొడిచేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఆ ఎత్తిపొడుపు వినపడని ఇంట్లో కూర్చోలేక ఔరేలియో సాయంత్రాలు కూడా మంటలార్పే దళం షెడ్డులోనే గడిపేవాడు. ఇత్తడి మూతులు తుడిచేవాడు, గొట్టాలు ఆరేసేవాడు. ఊళ్ళో మంటలార్పేవాళ్ళంతా ఇలాంటివాళ్ళే. ఒకడు చేపలమ్మేవాడు, ఒకడు పళ్ళ డాక్టరు, ఒకామె టీచరు. అందరూ పని మధ్యలోంచి లేచొచ్చేవాళ్ళే.

వాళ్ళలో ఇసిద్రో సెపుల్వేదా బేకరీవాడు. పంతొమ్మిదో ఏట దళంలో చేరినప్పుడు, మొట్టమొదటి మంటలో, ఎటు పోవాలో తెలియక పొగలో గిరగిరా తిరుగుతుంటే, ఔరేలియో కాలరు పట్టుకుని బయటికి లాగాడు. ఆ పట్టుకున్న చెయ్యి మళ్ళీ వదల్లేదని ఊరివాళ్ళు అనేవాళ్ళు. ఎక్కడికెళ్ళినా గొట్టం ముందు ఔరేలియో, వెనక ఇసిద్రో. ఇసిద్రో పెద్దకూతురు బాప్తిస్మానికి ఔరేలియోయే జ్ఞానతండ్రి అయ్యాడు. అప్పట్నించీ ఆ చుట్టరికంతో ఒకర్నొకరు "కంపాద్రె" అనే పిలుచుకునేవాళ్ళు. ఇసిద్రో భార్య ఎల్వీరాకీ అతను కంపాద్రేయే.

దళంలో ఒక పద్ధతుంది. మంట ఆరాక అందరూ ఇంజను పక్కన వరసగా నిలబడాలి. టీచరు నిల్దా పుస్తకం తీసి పేర్లు పిలుస్తుంది. పేరు వచ్చినవాడు "ఉన్నా!" అని గట్టిగా పలకాలి. ఆ పిలుపు రెండు పనులకి. లోపల ఎవరూ మిగిలిపోలేదని తెలియడం ఒకటి. ఎవరు ఏడాదికెన్ని మంటలకి వచ్చారో లెక్క తేలడం రెండోది. మొదటి పని సంగతి ఎవరూ తలుచుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే వాళ్ళకి తెలిసినంతలో ఎవరూ లోపల మిగిలిపోలేదు. రెండోదంటే మాత్రం అందరికీ పట్టింపే. లెక్క తగ్గితే ఆ ఏడు సర్వీసులో కలవదు. పాతికేళ్ళు నిండితే ఇచ్చే పతకం ఒక ఏడు వెనక్కి జరుగుతుంది.

ఇసిద్రోకి వచ్చిన చిక్కంతా పొయ్యితో. సాయంత్రం ఐదింటికి టీతో పాటు వేడి రొట్టె లేకపోతే ఆ కొండ మీద ఏ ఇంట్లోనూ పొద్దు గడవదు. మూడింటికల్లా పిండి పొయ్యిలో పడాలి. మంట ఆర్పేదాకా ప్రాణాలొడ్డి నిలబడ్డ మనిషి, గొట్టాలు చుట్టి పేర్లు పిలిచే సమయానికి ఉండలేకపోయేవాడు. "మంటలో లేని పళ్ళ డాక్టరు వరసలో ఉంటే లెక్కలోకొస్తాడు, మంటలో ఉన్న నేను రాను. ఇదెక్కడి న్యాయం?" అని ఒకరోజు ఉక్రోషపడ్డాడు. మరుసటిసారి నిల్దా అతని పేరు పిలిచినప్పుడు ఔరేలియో, పిండి అడ్డం పడ్డట్టుండే ఇసిద్రో బొంగురు గొంతు తెచ్చిపెట్టుకుని "ఉన్నా!" అన్నాడు. వరసంతా నవ్వింది. నిల్దా పెదవి కొరుక్కుని టిక్కు పెట్టింది. కెప్టెన్ దోన్ ఫెర్మీన్ దగ్గాడు. అంతే, అది అలవాటైపోయింది. ఊర్సులా ఆస్పత్రిలో ఉన్న నెలల్లో ఇసిద్రో కూడా ఔరేలియో పేరుకి పలికాడు. అది తప్పని పదకొండేళ్ళలో ఎవరికీ తోచలేదు. అది స్నేహమనే అనుకున్నారు.

అక్కడ నడివేసవి అయిన జనవరిలో, ఎండలు ముదిరి దక్షిణపు గాలి ఈడ్చికొట్టే రోజుల్లో, లోయ అంచున ఒక ఇల్లంటుకుంది. కొండవాలుకి అతుక్కున్న మూడంతస్తుల చెక్క ఇల్లు. వీధి వైపు నుంచి చూస్తే ఒకటే అంతస్తు కనపడుతుంది, మిగిలిన రెండూ లోయలోకి దిగి ఉంటాయి. పన్నెండున్నరకి వెళ్ళారు, రెండున్నరకి ఆర్పారు. మనుషులందరూ క్షేమం. ఇంట్లో వాళ్ళు దుప్పట్లు కప్పుకుని ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు.

ఇసిద్రో ఇంజను దగ్గర నీళ్ళు తాగి చేతి తొడుగులు విప్పాడు. "కంపాద్రె, పోతున్నా. పిండి గిన్నె దాటేసుంటుంది. ఇంకాస్త ఆగితే ఎల్వీరా నన్నే పొయ్యిలో పెడుతుంది."

"పో, పో. నీ గొంతు నా దగ్గరుందిగా."

"కాస్త మగాడిలా పలుకు. పోయినసారి మేకపిల్లలా ఉందని నిల్దా చెప్పింది."

"నీ గొంతు అలాగే ఉంటుంది మరి, నేనేం చెయ్యను?"

ఇసిద్రో నవ్వుతూ ఇంటి పక్కనుంచి లోయలోకి దిగే అడ్డదారి పట్టాడు. ఆ దారిన పోతే బేకరీ ఐదు నిమిషాలు. కోటూ హెల్మెట్టూ ఒంటిమీదే ఉన్నాయి. సాయంత్రం షెడ్డుకి రొట్టెలు తెచ్చేటప్పుడు వాటినీ తెచ్చి కొక్కేనికి తగిలించడం అతని అలవాటు.

పావుగంట తర్వాత నిల్దా పుస్తకం తీసింది. "సెపుల్వేదా, ఇసిద్రో!"

"ఉన్నా!" అన్నాడు ఔరేలియో, ఈసారి కడుపులోంచి. ఇద్దరు కిసుక్కుమన్నారు. పదిహేను మంది పేర్లు, పదిహేను జవాబులు. కెప్టెన్ గడియారం చూసి టైము రాయించాడు. "అయిపోయింది. ఇళ్ళకి పొండి."

ఔరేలియో కొట్టుకొచ్చి, బిగింపులో ఉన్న తాళంచెవి కోత పూర్తి చేశాడు. ఇంకో రెండు కోశాడు. ఐదు దాటుతుండగా ఎల్వీరా ఫోను చేసింది.

"ఏం కంపాద్రె, మా ఆయన్ని వదిలే ఉద్దేశముందా లేదా? పిండి పొంగి బల్లంతా పారింది. జనం కిటికీ బాదుతున్నారు. ముసలి కాండెలారియమ్మయితే నన్ను అనరాని మాటలంది."

"వాడు... రెండున్నరకే వచ్చేశాడే," అన్నాడు ఔరేలియో. తన మాట తన చెవిన పడ్డాక లేచి నిలబడ్డాడు.

కాలిన ఇంటికి లోయ వైపున, అన్నిటికన్నా కింది అంతస్తు తలుపు తెరిచుంది. పైన రెండు గంటల పాటు కొట్టిన నీళ్ళన్నీ తాగి బరువెక్కిన చెక్క నేల, దూలాలతో సహా కిందికి దిగిపోయింది. పక్కింటావిడ చెప్పింది: కిందగదిలో కట్టేసిన కుక్క ఏడుస్తుంటే, దారిన పోతున్న మనిషి ఆగి వెనక్కి తిరిగాడట. ఆ తర్వాత ఇంకో చప్పుడేదో విందిగానీ, కాలిన ఇల్లు చప్పుడు చెయ్యదా అనుకుందట. దళమంతా మళ్ళీ వచ్చి పలకలు ఒక్కొక్కటీ ఎత్తారు. కుక్క ఇసిద్రో చంక కింద బతికే ఉంది.

దెబ్బ అంత పెద్దదేం కాదన్నాడు ఆస్పత్రి డాక్టరు. మీదున్న బరువు ఊపిరి తియ్యనివ్వలేదు. "ఎంతసేపు బతికున్నాడు?" అని అడిగింది ఔరేలియోయే. "గంట. గంటన్నర కూడా కావచ్చు," అన్నాడు డాక్టరు.

మర్నాడు దోన్ ఫెర్మీన్ కొట్టుకొచ్చి, లోపల గడియ పెట్టి, చెయ్యీచెయ్యీ రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"పైవాళ్ళ నుంచి కబురొచ్చింది. పేరు పిలిచి, మనిషి పలికి, ఇళ్ళకి పొమ్మన్నాక డ్యూటీ అయిపోయినట్టేనట. ఆ తర్వాత లోపలికి పోతే అది వాడి సొంత పనట."

"అంటే?"

"అంటే వాణ్ణి ఇంజను మీద శ్మశానానికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. మన దళంవాళ్ళ ఉమ్మడి సమాధిలో చోటు లేదు. డ్యూటీలో పోయినవాళ్ళ గోడ మీద పేరూ ఉండదు. దారిన పోయేవాడెవడో ఇల్లు మీద కూలి చనిపోయినట్టే లెక్క."

"ఇరవై నాలుగేళ్ళు చేశాడండీ!"

"నాకు తెలీదా? పుస్తకంలో వాడు పలికాడని ఉంది. వాడు పలకలేదంటే ఇంకెవరో పలికారనాలి. ఎవరు పలికారు, నిల్దా ఎందుకు టిక్కు పెట్టింది, కెప్టెన్ చెవుల్లో ఏం పోసుకున్నాడు అని అడుగుతారు." తలుపు గడియ మరోసారి చూసుకున్నాడు. "రేపు పొద్దున సభ. ఈ ఊళ్ళో నీకు ఇంకేం మిగిలుందో నాకు తెలుసు ఔరేలియో. పలికినవాణ్ణి దళంలో ఉంచరు. నేను నిన్నేమీ అడగను. నువ్వే ఆలోచించుకో."

ఔరేలియో ఆలోచించింది దళం గురించి కాదు. సభలో నోరు విప్పితే, ఆ మాట మధ్యాహ్నానికల్లా మెట్లెక్కి బేకరీకి చేరుతుంది. విప్పకపోతే ఎల్వీరాకి ఎప్పటికీ తెలియదు. భర్తకి చివరిదాకా తోడున్న మనిషిగా అతన్ని ఏడుస్తూ పట్టుకుంటుంది, ఆదివారాలు భోజనానికి పిలుస్తుంది. ఇసిద్రో మాత్రం దారిన పోయేవాడిలా మట్టిలో కలుస్తాడు. ఆ సాయంత్రం కొట్టు మూసి మెట్లెక్కాడు.

బేకరీలో పొయ్యి చల్లారి ఉంది. ఎల్వీరా నల్ల బట్టల మీదే ఏప్రాను కట్టుకుని, బల్లకి ఎండి అంటుకున్న పిండిని కత్తితో గీకుతోంది. పులిసిన వాసన గదంతా పట్టేసింది.

"వదినలు చేస్తామన్నారు. నేనే వద్దన్నా," అంది తలెత్తకుండానే. "కూర్చో కంపాద్రె. ఇంజను మీద తీసుకుపోరని ఎవరో వాగుతున్నారు. నిజమేనా? ఆ పుస్తకంలో ఏముందట?"

"నువ్వు ఒకమాట వినాలి."

"చెప్పు."

"పేర్లు పిలిచినప్పుడు వాడు అక్కడ లేడు. వాడి పేరుకి నేను పలికాను."

కత్తి ఆగలేదు. ఇంకో రెండుసార్లు గీకాక ఆగింది.

"ఎప్పుడూ పలికేవాడివేగా."

"ఎప్పుడూ పలికేవాణ్ణే. నేను పలక్కపోతే, వాడు లేడని తెలిసేది. ఎక్కడున్నాడని అడిగేవాళ్ళు. ఇక్కడికి ఫోను చేసేవాళ్ళు. రాలేదని నువ్వు చెప్పేదానివి." అతనింకా కూర్చోలేదు. "మేమింకా ఆ ఇంటి ముందే ఉన్నాం ఎల్వీరా. ఇరవై అడుగుల కిందున్నాడు."

ఆమె అతని చేతుల వంక చూసింది.

"డాక్టరు నాతో వెంటనే పోయాడన్నాడు. నీతో ఏమన్నాడు?"

అతను బల్ల మీద ఎండిన పిండి పెచ్చొకటి తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"నీతో ఏమన్నాడు కంపాద్రె?"

"గంట. గంటన్నర."

ఎల్వీరా కత్తిని బల్ల మీద పెట్టింది. లేచి, ఏప్రాను విప్పి, మడిచి, మళ్ళీ విప్పింది. లోపలి గదిలో పిల్ల ఎవరొచ్చారని అడిగింది. "ఎవరూ కాదు," అంది ఎల్వీరా.

తర్వాత గొంతు తగ్గించి, "రేపు అక్కడ చెప్తావా?" అని అడిగింది.

"చెప్తాను."

"అందరి ముందూ?"

"అందరి ముందూ."

"చెప్పు. ఆయన చోటు ఆయనకిప్పించు. ఆ తర్వాత ఇక్కడికి రాకు. జ్ఞానతండ్రి ఊళ్ళోనే ఉండి ఎందుకు రాడని పిల్ల అడిగితే, నేనేదో ఒకటి చెప్పుకుంటాను. నువ్వు మాత్రం నా గుమ్మం తొక్కకు." ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. "నీ మీద కోపం లేదని చెప్పలేను. ఉందని కూడా చెప్పలేను. నిన్ను చూస్తే ఆ గంటన్నరే కనపడుతుంది."

మర్నాడు సభలో ఔరేలియో నాలుగు ముక్కల్లో చెప్పాడు. నిల్దా లేచి, తనకి తెలిసే టిక్కు పెట్టానంది. కెప్టెన్‌ని అడిగితే, తనకేమీ తెలియదన్నాడు. ఔరేలియో అతని వైపు చూడలేదు. పుస్తకంలో ఇసిద్రో పేరు పక్కనున్న టిక్కు కొట్టేసి, అతని చోటు అతనికిచ్చారు. నిల్దాని ఏడాది పాటు పక్కన పెట్టారు. ఔరేలియోని తీసేస్తున్నట్టు తీర్మానం రాసి, పైకి చదివి, కోటూ హెల్మెట్టూ అప్పజెప్పమన్నారు. హెల్మెట్ లోపలి పట్టీకి అతని తలచుట్టు ఆకారం పట్టేసి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చాక తల మరీ తేలికైనట్టనిపించి, చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే, పొద్దు గూకుతుండగా, కాగడాలు పట్టుకుని దళమంతా బయల్దేరింది. ఇంజను మీద గొట్టాల చోట పెట్టె పెట్టారు. దాని మీద ఇసిద్రో హెల్మెట్. ఎల్వీరా ఇద్దరు పిల్లల్నీ చెరోపక్కా పట్టుకుని వెనక నడుస్తోంది. రోడ్డు పొడవునా జనం నిలబడ్డారు. ఔరేలియో వాళ్ళలో, కూరగాయల బండికీ దీపస్తంభానికీ మధ్య నిలబడ్డాడు. ఇంజను దగ్గరయినప్పుడు అలవాటుగా ఒక అడుగు ముందుకేశాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు.

పక్కన సంచీతో నిలబడ్డ ఒక పొరుగూరి ముసలావిడ శిలువ గుర్తు వేసుకుని, "ఎవరు నాయనా పోయింది? పెద్ద ఆఫీసరా?" అని అడిగింది.

"కాదమ్మా. రొట్టెలు చేసేవాడు."

"రొట్టెలవాడికి ఇంజనెందుకు?"

"మంటలో పోయాడు," అన్నాడు ఔరేలియో. ఎల్వీరా ఎదురుగా వచ్చేసింది. తల తిప్పలేదు. ఆమె దాటిపోయేదాకా ఆగి, "డ్యూటీలో ఉండగా," అన్నాడు.